రెండు షష్టిపూర్తుల ఏజెంటుగారికి

మనవాళ్ళు మనిషికి పూర్ణాయుర్దాయం 120 ఏళ్ళని లెక్కకట్టారు. జాతకంలో మహాదశలన్నీ కూడితే వచ్చే మొత్తం అదే. ఒక షష్టిపూర్తి చూడటమే భాగ్యమనుకునే ఇళ్ళలో రెండు షష్టిపూర్తులు చేసుకునేవాళ్ళు ఎక్కడుంటారు? ఉన్నారొకరు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, స్మిత్ కౌంటీ, టైలర్ పట్టణం. 1906 నవంబరు 12న అక్కడ డబ్ల్యు.సి. స్టాలింగ్స్ అనే ఆయన ఆ ఒక్క కౌంటీకే వ్యవసాయ ఏజెంటుగా పనిలో చేరారు. కౌంటీ అంటే ఉజ్జాయింపుగా మన జిల్లా అనుకోండి. ఒక కౌంటీకి ఒక ఏజెంటు అనే పద్ధతికి ఆ దేశంలో ఆయనతోనే బోణీ. 2026 నవంబరుకు ఆ కుర్చీకి 120 నిండుతాయి. కుర్చీ అన్నానుగానీ, ఆ ఉద్యోగంలో కూర్చునే పని తక్కువ.

ఈ అభినందన రాయడానికి నాకేం అర్హత అంటే, నేను రిటైరైన పశువుల డాక్టర్ని. సర్వీసులో సగానికి పైగా అనంతపురం జిల్లాలో గొర్రెల మందల మధ్య గడిచింది. చదువుకునే రోజుల్లో విస్తరణ విద్య అని ఒక పేపరుండేది. స్మిత్-లీవర్ చట్టం ఏ సంవత్సరమని అందులో రెండు మార్కుల ప్రశ్న. 1914 అని రాసి రెండు మార్కులూ తెచ్చుకున్నాం. ఆ ఏడాది వెనక ఏముందో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అమ్మాయి టెక్సాస్‌లో కాపురం పెట్టాక, వెళ్ళినప్పుడల్లా ఆరు నెలలపాటు టీవీ ముందు కూర్చోలేక, దగ్గర్లోని కౌంటీ ఏజెంటుగారు పెట్టే ఫీల్డ్ డేలకు పోవడం మొదలుపెట్టాను. రైతులు, పశువుల్ని మేపే రాంచరులు ఒక పొలంలో చేరి, ఏదో ఒక పని చూసి, చేసి, అక్కడే భోంచేసి పోయే కార్యక్రమాలవి. అక్కడ నాకు స్మిత్‌గారూ గుర్తు రాలేదు, లీవర్‌గారూ గుర్తు రాలేదు. ఉద్యోగం కొత్తలో నన్నో మాట అడిగిన ఒక ముసలి కాపరి గుర్తొచ్చాడు.

వానలు పడ్డాక చెరువు కింద తడి మేత మేసిన గొర్రెకు జలగ పడుతుంది, పొట్టలో పురుగు పెరుగుతుంది, మందు తాగించండని చెప్పడానికి జీపులో ఓ ఊరికి వెళ్ళాను. మందల్ని రచ్చకట్ట దగ్గరికి తోలించాం. మైకులో అరగంట మాట్లాడాను. అంతా విన్నాక ఆ పెద్దాయన చేతికర్ర మీద గడ్డం ఆనించి, "నీకెన్ని గొర్రెలుండాయి సారూ?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. ఒక గొర్రెను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, బొటనవేలితో కింది రెప్పను లాగి లోపలి రంగు చూపించాడు. సున్నం కొట్టినట్టుంది. "దీనికి పొయ్యి సారూ." పక్క గొర్రె రెప్ప తీశాడు, దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది. "దీనికెందుకు?" నేను పైనుంచి వచ్చిన ఆర్డరు ప్రకారం మంద మొత్తానికీ పోయించి, రిజిస్టర్లో అంకె వేసుకుని జీపెక్కాను. ఆ రోజు ఎవరు ఎవరికి విస్తరణ విద్య నేర్పారన్నది తేలడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ సంగతి తర్వాత.

సీమన్ నాప్ అనే పెద్దమనిషికి ఈ కిటుకు 1903లోనే తెలుసు. బోల్ వీవిల్ అనే ముక్కుపురుగు మెక్సికో వైపు నుంచి టెక్సాస్ పత్తిచేలల్లో దిగి రైతుల్ని ముంచుతున్న కాలమది. ప్రభుత్వం నడిపే ప్రదర్శన క్షేత్రాలు చూసిన రైతు, సర్కారు డబ్బు, సర్కారు జీతగాళ్ళు, పండక ఏమవుతుందిలే అనుకుని ఇంటికి పోయేవాడు. నాప్ ఎత్తు మార్చారు. టెర్రెల్ అనే ఊళ్ళో వాల్టర్ పోర్టర్ అనే రైతు పొలంలోనే, ఆ రైతు చేతనే, తాను చెప్పిన పద్ధతిలో సాగు చేయించారు. నష్టమొస్తే పూడ్చడానికి ఊరి వ్యాపారులు తలా కొంత వేసుకుని నిధి పెట్టారు. దాన్ని ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు. విన్నదాన్నీ చూసినదాన్నీ మనిషి అనుమానించవచ్చు, తన చేత్తో చేసినదాన్ని మాత్రం కాదనలేడు, నాప్ సిద్ధాంతమంతా ఇంతే. మా కాపరి ప్రశ్నకు నేను చెప్పాల్సిన జవాబూ ఇదే. నావేం లేవు పెద్దాయనా, నీ గొర్రెతోనే చూద్దాం పట్టుకో, అనాల్సింది. ఆయన పట్టుకునే ఉన్నాడు కూడా. నాకే తోచలేదు.

1906 చిత్రమైన ఏడాది. స్టాలింగ్స్ పనిలో చేరిన ఆ సంవత్సరమే అమెరికా ప్రభుత్వం పిడుదు మీద యుద్ధం ప్రకటించింది. పశువుల జ్వరాన్ని ఒకదాన్నుంచి ఇంకోదానికి మోసేది పిడుదేనని థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ 1893లోనే తేల్చారు. ఊరూరా తొట్లు కట్టి, ఆర్సెనిక్ కలిపిన నీళ్ళు నింపి, రెండు వారాలకోసారి ప్రతి పశువునూ ముంచి తీయాలన్నారు. శాస్త్రం పక్కాగానే ఉంది. అయినా రైతులు రాత్రిళ్ళు వెళ్ళి ఆ తొట్లను డైనమైట్ పెట్టి పేల్చేశారు. కొన్నిచోట్ల ఇన్‌స్పెక్టర్ల ప్రాణాలే పోయాయి. పది ఆవులున్న పేదవాడు నాట్ల రోజుల్లో పని మానుకుని వాటిని తోలుకుపోవాలంటే ఏమవుతుందో ఉత్తర్వులిచ్చినవాళ్ళకు తట్టలేదు. 1943 నాటికి పిడుదు పోయిందని ప్రకటించారు, రియో గ్రాండే నది వెంబడి ఒక పట్టీ తప్ప. ఆ పట్టీలో ఇప్పటికీ టిక్ రైడర్లు గుర్రాల మీద తిరుగుతారు, పశువు ఒంటిని అరచేత్తో తడిమి పిడుదును వెతుకుతారు. కర్ర పెత్తనంతో పని జరగదని నేననను. జరిగింది. 37 ఏళ్ళు పట్టింది.

ఆ ఏడాదే ఇంకో సంగతి, అది మనది. పిడుదుకూ ఎండకూ తట్టుకునే పశువు కావాలని టెక్సాస్‌లోని పియర్స్ రాంచి వాళ్ళు 1906లో మన దేశం నుంచి 30 ఆబోతుల్ని, 3 ఆవుల్ని ఓడలో దింపుకున్నారు. అక్కడ బ్రాహ్మన్ అని పిలుచుకునే జాతి ఇలాంటి దిగుమతుల సంతానమే. గిర్ రక్తం, గుజరాత్ రక్తం, కృష్ణాలోయ రక్తం, వాటితోపాటు నెల్లూరు పేరుతో మన ఒంగోలు గిత్త రక్తం అందులో కలిశాయి. ఒక ఫీల్డ్ డేలో మూపురం ఎగదన్ని, గంగడోలు ఊపుకుంటూ వస్తున్న బూడిదరంగు ఆబోతును చూసి, పక్కనున్న రాంచరుతో "మా చుట్టం" అన్నాను. ఆయన టోపీ తీసి ఆబోతుకు దణ్ణం పెట్టాడు, నాకు పెట్టలేదు. అయితే మన వైపు నుంచి పోయినవన్నీ ఇంత మర్యాదస్తులేం కాదు. 1920ల నుంచి కింగ్ రాంచిలో వదిలిన మనుబోతులు, అదే నీల్‌గాయ్‌లు, దక్షిణ టెక్సాస్‌లో వేలల్లో పెరిగి ఇప్పుడు పిడుదుల్ని కంచెలు దాటించి మోసుకొస్తున్నాయి. ఆవునైతే తొట్లో ముంచవచ్చు. మనుబోతును ముంచే మొనగాడెవడు?

1914 మే 8న అధ్యక్షుడు విల్సన్ స్మిత్-లీవర్ చట్టం మీద సంతకం చేశాక ఈ ఏజెంటు పని దేశమంతటా వ్యవస్థగా మారింది. కాలేజీల్లో పుట్టిన విద్యను పొలం దాకా మోసుకుపోయే బాధ్యత ఆ కాలేజీల మీదే పడింది. పండగ పూట చెప్పకూడదుగానీ, చెప్పకపోతే అభినందన భట్రాజు పొగడ్త అవుతుంది. 1906లోనే టస్కెగీ అనే నల్లజాతివారి విద్యాసంస్థ నుంచి టి.ఎం. క్యాంప్‌బెల్ అనే నల్లజాతి ఏజెంటు కూడా పనిలో దిగారు. పనిముట్లతో నిండిన జెసప్ బండి వేసుకుని పేద రైతుల వాకిళ్ళకు పాఠాన్ని తీసుకుపోయింది ఆయన. అయినా చట్టం వచ్చాక డబ్బు తెల్లవాళ్ళ కాలేజీల గుండానే పారింది. నల్లజాతి కాలేజీలకు నేరుగా వాటా దక్కడానికి దశాబ్దాలు పట్టింది.

ఈ ఉద్యోగం అసలు అందం చూడాలంటే ఉత్తరానికి, వయోమింగ్ బయళ్ళకు పోవాలి. ఆ నేలకు మిడతంటే పాత భయం. 1874లో రాకీ పర్వతాల మిడత దండు కాన్సాస్, నెబ్రాస్కా పొలాల మీద వాలి పైర్లు మిగల్చలేదు సరికదా, ఆరేసిన బట్టల్ని, పనిముట్ల కర్ర పిడుల్ని కూడా కొరికింది. ఆ జాతి మిడత 1902 తర్వాత ప్రాణంతో ఎవరికీ దొరకలేదు. కొండలోయల్లో అవి గుడ్లు పెట్టే చోట్లను వలసొచ్చిన రైతుల సాగే చెరిపేసిందని వయోమింగ్ విశ్వవిద్యాలయం కీటక శాస్త్రవేత్త జెఫ్రీ లాక్‌వుడ్ వాదన. హిమానీనదాల్లో చిక్కుకుపోయిన మిడతల్ని తవ్వి తీసి చదివిన మనిషాయన. తర్వాత అక్కడే తత్వశాస్త్రం, సృజనాత్మక రచన చెప్పడానికి మారిపోయారు. మిడతను అంతకాలం చూస్తే అటే పోతారు కాబోలు.

దండు పోయింది, మిడతలు పోలేదు. పశ్చిమ అమెరికా బయళ్ళలో సుమారు 400 రకాలున్నాయి. మేతను నిజంగా దెబ్బతీసేవి అందులో కొద్ది రకాలే. ఒక రకమైతే పశువులకు విషమైన స్నేక్‌వీడ్ మొక్కను తిని రాంచరుకు ఉపకారం చేస్తుంది. అందుకని మిడత కనపడగానే విమానాన్ని పిలవకూడదు. ముందు ఎంచాలి. ఎంచడం ఇలా ఉంటుంది. చేతిలో సన్నటి కర్ర. నాలుగడుగులు వేసి, ముందున్న గడ్డిలో ఒకచోట చూపు నిలిపి, అక్కడ చదరపు అడుగు గీసి ఉన్నట్టు ఊహించుకోవాలి. చూపు తిప్పకుండా మెల్లగా దగ్గరికి పోతూ అందులోంచి ఎగిరే మిడతల్ని లెక్కపెట్టాలి. చివర్లో కర్రతో గడ్డి కదిపితే దాక్కున్నవి ఒకటో రెండో లేస్తాయి. రాసుకుని మళ్ళీ నడవాలి. ఇలా 18 చోట్ల. మొత్తాన్ని సగం చేస్తే చదరపు గజానికి ఎన్నో తేలుతుంది. తొమ్మిది అడుగులు ఒక గజం, 18 అంటే రెండు గజాలు. ప్లాట్లు కొని అమ్మే మనవాళ్ళకు ఈ లెక్క విడమరచక్కర్లేదు.

గజానికి 8 దాటితే ఆలోచించాలని పాత కొలబద్ద. అదీ శిలాశాసనం కాదు. వాన పడి గడ్డి దండిగా ఉంటే ఇంకాస్త ఎక్కువున్నా ఊరుకోవచ్చు, కరువులో తక్కువున్నా కష్టమే. నేను అక్కడికి వెళ్ళిన రోజున ఒక రాంచరు ముఖం కందగడ్డ చేసుకుని వచ్చాడు, తన బయలంతా మిడతేనని, విమానానికి కబురుపెట్టబోతున్నానని. ఏజెంటుగారు వాదన పెట్టుకోలేదు. కర్ర అతని చేతికే ఇచ్చారు. 18 చోట్లా అతనే నడిచాడు, అతనే ఎంచాడు. మొత్తం 11. సగం ఐదున్నర. "మరి నాకన్ని ఎలా కనిపించాయి?" అన్నాడు. "రోడ్డు పక్క కంచె దగ్గర నిలబడి చూసుంటావు," అన్నారు ఏజెంటుగారు. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పికప్ ఎక్కి వెళ్ళిపోయాడు. మందు అమ్మేవాడి జీతం మందు అమ్మితేనే వస్తుంది. మందు వద్దని చెప్పడానికి కూడా ఒక మనిషికి జీతమిచ్చే వ్యవస్థను నేను అక్కడే మొదటిసారి చూశాను.

కొట్టక తప్పని చోటుకూ ఒక పద్ధతుంది. 1990ల్లో లాక్‌వుడ్, ఆయన తోటివాళ్ళు రూపొందించింది, రాట్స్ అంటారు. బయలంతా పరదా కప్పినట్టు కొట్టకుండా ఒక పట్టీ కొట్టి ఒక పట్టీ వదిలేస్తారు, మోతాదూ తగ్గిస్తారు. మిడత ఒకచోట ఉండదు కదా, వదిలేసిన పట్టీలోంచి కొట్టిన పట్టీలోకి అదే గెంతుతుంది. పిట్టలు, సాలీళ్ళు, మిడతను తినే ఇతర పురుగులు మందు పడని పట్టీల్లో బతికిపోయి మిగతా పని చూస్తాయి. ఖర్చు దాదాపు సగానికి పడిపోతుంది. వాడే మందుల్లో ఒకటైన డైఫ్లూబెంజురాన్ మిడత పిల్లకు కుబుసం విడిచాక కొత్త చర్మం సరిగ్గా ఏర్పడనివ్వదు. రెక్కలొచ్చిన మిడతకు దానివల్ల ఏమీ కాదు. కాబట్టి అదను దాటాక ఎంత కొట్టినా డబ్బు గాల్లో చల్లినట్టే. ఆ అదనును రాంచరు చెవిన వేసేది ఏజెంటే.

కలుపు సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. మోంటానా, డకోటా రాష్ట్రాల మేత బయళ్ళను లీఫీ స్పర్జ్ అనే మొక్క ఆక్రమించింది. జెముడు కుటుంబానిదే, తుంచితే పాలు కారుతుంది. ఆవులు దాని దగ్గరికే పోవు. వేరు మనిషి లోతు దాటి దిగుతుంది, పీకితే పోదు. గొర్రెలు, మేకలు మాత్రం ఇష్టంగా తింటాయి. మన వైపు మేక ముట్టని ఆకంటే అడ్డసరం ఒక్కటే అంటారు, స్పర్జ్ దానికో లెక్కా? కానీ ఆవుల రాంచరుకు గొర్రె అంటే చిన్నచూపు. ఆ అహం కరిగించడానికే ఏజెంట్లకు కొన్నేళ్ళు పట్టి ఉంటుందని నా ఊహ. రెండో ఉపాయం పెంకు పురుగులు. యూరప్ నుంచి తెచ్చిన నువ్వుగింజంత పురుగులివి, వీటి పిల్లలు స్పర్జ్ వేళ్ళను తొలిచేస్తాయి. ఎండాకాలం మొదట్లో ఒక రోజు పెట్టుకుని రాంచరులంతా చేరి, గుడ్డ వలలు మొక్కల మీద అటూ ఇటూ ఊపి పురుగుల్ని పోగుచేసి, అట్టడబ్బాల్లో పోసి, ఐసుపెట్టెల్లో చల్లగా పెట్టుకుని ఇళ్ళకు తీసుకుపోతారు. పురుగును చంపడానికి బయల్దేరిన వ్యవసాయ శాఖలు చివరకు పురుగును పప్పుబెల్లాల్లా పంచిపెట్టే దాకా వచ్చాయి.

మళ్ళీ మా కాపరి దగ్గరికి వస్తాను. టెక్సాస్‌లోని ఒక మేకల శిక్షణలో ఏజెంటుగారు అందరికీ తలా ఒక కార్డు ఇచ్చారు. దాని మీద ఐదు రంగులు, ముదురు ఎరుపు నుంచి తెలుపు దాకా. ఫమాచా కార్డంటారు, దక్షిణాఫ్రికా పశువైద్యులు తయారుచేసింది. మేక కింది రెప్ప తీసి, లోపలి రంగును కార్డుతో పోల్చి, పాలిపోయిన వాటికి మాత్రమే పురుగు మందు తాగించాలి. అన్నిటికీ పోస్తే మందుకు లొంగని పురుగులే మిగిలి, అవే పిల్లల్ని పెట్టి, కొన్నాళ్ళకు ఏ మందూ పనిచేయకుండా పోతుంది. నా వంతు వచ్చింది. మేకను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని బొటనవేలితో రెప్ప కిందికి లాగాను. "ముందే వచ్చా మీకిది?" అన్నారు ఏజెంటుగారు. చూపించినాయన ఉన్నాడన్నాను. మంద మొత్తానికీ పోయించి రిజిస్టర్లో రాసుకున్న ఆ అంకె గుర్తొచ్చి ఆ పూట అక్కడ పెట్టిన భోజనం సయించలేదు.

ఈ ఏడాది పక్కింట్లో ఇంకో షష్టిపూర్తి కూడా ఉంది. స్క్రూవార్మ్ ఈగ పశువు పుండులో గుడ్లు పెడితే పురుగులు బతికున్న కండనే తింటాయి. అప్పుడే పుట్టిన దూడ బొడ్డు చాలు వాటికి. మన దగ్గరా పుండుకు పురుగు పడితే సీతాఫలం ఆకు నూరి కూరుతారు, టర్పెంటైన్ పోస్తారు. ఆ ఈగ వేరు, ఈ ఈగ వేరు, బాధ ఒకటే. ఆడ ఈగ జన్మకు ఒక్కసారే జతకడుతుందని గమనించిన నిప్లింగ్, బుష్‌లాండ్ అనే శాస్త్రవేత్తలు మగ ఈగల్ని రేడియేషన్‌తో గొడ్డువి చేసి వదిలితే వంశమే ఆగిపోతుందన్నారు. 1954లో కురసావ్ దీవిలో రుజువైంది. టెక్సాస్‌లో 1962లో మొదలుపెట్టడానికి రాంచరులు తమ జేబుల్లోంచే చందాలు వేసుకున్నారు. పుండులో పురుగు కనపడితే నాలుగు ఏరి సీసాలో వేసి ల్యాబుకు పంపడం ప్రతి రాంచరుకూ అలవాటు చేశారు. ఆ సీసాల లెక్కను బట్టే విమానాలు ఈగల్ని ఎక్కడ వదలాలో తెలిసేది. 1966లో అమెరికా నుంచి పోయిందన్నారు, ఆ మాటకే ఈ ఏడాది అరవై. తర్వాత 1972లో తిరగబెట్టింది, మళ్ళీ తరిమారు. 2024 నవంబరులో మెక్సికో దక్షిణాన కనపడి ఉత్తరానికి జరగడం మొదలుపెట్టింది, సరిహద్దులో పశువుల రాకను ఆపాల్సి వచ్చింది. నేటి కుర్ర రాంచరుల్లో ఆ పురుగును కళ్ళతో చూసినవాళ్ళు ఎందరుంటారు? తాతల నాటి సీసా పాఠాన్ని ఏజెంట్లు మళ్ళీ మొదటి నుంచి చెబుతున్నారు.

ఇంత దూరపు పెద్దాయనతో మనకు బంధుత్వమేమిటంటే, ఒంగోలు గిత్త ఒక్కటే కాదు. 1964లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు తోడు నిలిచింది కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే చూరు కింద ఉండాలన్న నమూనా అటు నుంచి వచ్చిందే. మిడతల దండు మింగిన ఆ కాన్సాసే. మన గ్రామసేవకులు, ఇప్పటి ఏఈవోలు, పశుమిత్రలు ఈ వంశవృక్షంలో పిల్లలూ మనవళ్ళే. కాకపోతే మనం వాళ్ళ చేతికి కర్ర ఇవ్వడం మర్చిపోయి రిజిస్టర్లు ఇచ్చాం. ఎన్ని సబ్సిడీ సంచులు పంచావని అడుగుతాం, ఎన్ని చోట్ల వంగి చూశావని అడగం.

శతమానం భవతి అని దీవిద్దామంటే, ఏజెంటుగారూ, మీకది దాటి ఇరవై ఏళ్ళు. అందుకని దీవెన మానేసి శాలువా పంపుదామనుకున్నాను. ధర్మవరంలో నేసిన పట్టు శాలువా. మా అమ్మాయి నవంబరులో మీ ఆఫీసుకు తెచ్చిస్తానంది. వేళ చూసుకుని పొమ్మన్నాను. ఆ పూట మీరు ఆఫీసులో ఉండరని నాకు తెలుసు. బయలు గేటు దగ్గర పికప్ ఆగి ఉంటుంది, తలుపు వేసి ఉండదు. ఎవరో రాంచరు ఒక చేత్తో కర్ర పట్టుకుని గడ్డి కదుపుతుంటాడు, మీరు వెనక నిలబడి కాగితం మీద అంకె రాస్తుంటారు. అమ్మాయికి చెప్పాను, లెక్క 18కి వచ్చేదాకా పలకరించవద్దని.